మేకుకు తగిలించిన హెల్మెట్

వెంకటరమణను చంపింది లారీ కాదు. మదనపల్లె బస్టాండు ఎదుట కాఫీ హోటల్లో బెంచీల మీద కూర్చున్నవాళ్ళ నవ్వు.

ఇది గంగులయ్య మాట. దీనిమీద అతనితో వాదనకు దిగినవాళ్ళు లేరు. దిగినా అతను వినడు.

కొడుకు మోటార్ సైకిల్ కొన్నప్పుడు గంగులయ్యే బెంగుళూరు పోయి హెల్మెట్ తెచ్చాడు. వెంకటరమణ దాన్ని పెట్టుకుని ఒక్కసారి కాఫీ హోటల్ ముందు ఆగాడు.

"ఏమప్పా, కుండ బోర్లించుకోని యాడికి?" అన్నారు. "లోపల మనిషి ఉండాడా లేదా, తట్టి సూడండ్రా" అన్నారు.

వెంకటరమణ ఇంటికి వచ్చి హెల్మెట్‌ను మేకుకు తగిలించాడు. మరుసటి వారం, "పుంగనూరికే కదా నాయనా, నిదానంగా పోతా" అని బయలుదేరాడు. పుంగనూరు రోడ్డు మలుపులో, నిదానంగా పోతూనే, పోయాడు.

హెల్మెట్ మేకు మీదే ఉంది. గీత కూడా పడలేదు.

ఆ ఏడే గంగులయ్య భార్య మునెమ్మ కూడా పోయింది. గంగులయ్యకు మిగిలింది కూతురు అమరావతి, బస్టాండు పక్కన స్పేర్ పార్టుల అంగడి. అంగడి వెనకే ఇల్లు. అమరావతికి సంబంధాలు వస్తే అతను ఒకటే అడిగేవాడు. "పిల్లోడికి మోటార్ సైకిల్ ఉండాదా?" ఉందంటే మాట అక్కడితో సరి.

అంగడిలో హెల్మెట్లు కూడా పెట్టాడు. ఒక్కటీ అమ్ముడుపోలేదు. దుమ్ము దులపడం మాత్రం అమరావతి మానలేదు.

ఎనభై మూడో సంవత్సరం ఆగస్టులో, జోరువానలో, ఒక రాజ్‌దూత్ మోటార్ సైకిల్ వచ్చి అంగడి ముందు ఆగిపోయింది. దాని మీదున్నవాడు నిలువునా తడిసి ఉన్నాడు. ఒత్తుగా ఉంగరాల జుట్టు. ఆ జుట్టులోంచి నీళ్ళు ముక్కు మీదికి కారుతున్నాయి. సీటు వెనక కట్టిన పెట్టె మీద మాత్రం రెయిన్‌కోటు కప్పి ఉంది.

"క్లచ్ వైరు తెగిపోయింది. ఉండాదా?"

"ఉండాది," అంది అమరావతి. "కోటు పెట్టెకి కప్పి నువ్వు తడుస్తాండావే, ఏముండాది అందులో?"

"గుడ్లు."

"కోడిగుడ్లా?"

"పట్టుపురుగుల గుడ్లు. కుప్పంలో రైతులకి ఇయ్యల్ల. నేను తడిస్తే ఆరతా. అవి తడిస్తే చెడతాయి."

"పెట్టెకి ఇంత జాగర్త. మరి నెత్తికో?" ఆమె అల్మారాలోంచి హెల్మెట్ తీసి బల్లమీద పెట్టింది.

అతను దాన్ని చూసి నవ్వాడు.

లోపల చక్రం బిగిస్తున్న గంగులయ్య చేతిలో స్పానర్ ఆగిపోయింది. ఆ నవ్వు అతనికి తెలుసు. ఈ మనిషి పని ఆ నిమిషమే అయిపోయింది, గంగులయ్య లెక్కలో.

అమరావతి మాత్రం క్లచ్ వైరును వెనక్కి లాగేసుకుంది. "నవ్వేవాళ్ళకి వైరు లేదు."

"అదేంది! ఇప్పుడే ఉండాదంటివే?"

"ఇప్పుడు లేదు."

"నేనేం తప్పు జేస్తి? కుండ మాదిరి ఉండాదని..."

"అను. మల్ల అను."

ఆమె కళ్ళు చూసి అతను నోరు మూసుకున్నాడు. అతనే మెల్లగా అడిగాడు. "ఎవురన్నా పోయినారా?"

"మాయన్న."

అతను తడి చేతిని చొక్కాకి తుడుచుకుని హెల్మెట్ అందుకున్నాడు. చొక్కా ఇంకా తడి. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. వైరు ఇచ్చింది.

వాడి పేరు లక్ష్మీపతి. ఊరు పుంగనూరు. పట్టుపరిశ్రమ శాఖలో రైతులకు పురుగుల పెంపకం చూపించే డిమాన్‌స్ట్రేటర్. మదనపల్లెలో గుడ్లు తీసుకుని, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోతుంటాడు. ఇవన్నీ గంగులయ్య అడగలేదు. లక్ష్మీపతే ఆ తరువాత వచ్చినప్పుడల్లా ఒక్కొక్కటీ చెప్పి పోయాడు. ఒకసారి బల్బు కావాలన్నాడు. ఒకసారి నట్టు. బండికి లేని పార్టు కూడా ఒకసారి అడిగాడు.

చివరికి హెల్మెటే అడిగాడు.

గంగులయ్య లేచి రాలేదు. అమరావతే చూపించింది.

"ఇది పెట్టుకో. పట్టీలు రెండు పక్కలా లాగి పట్టుకోని దించల్ల. ఆ... బుగ్గలు నొక్కుతాండాయా?"

"నొక్కుతాండాయి. మాట కూడా రాలే."

"మంచిదే. నుదురు నొస్తాండాదా?"

"లేదు."

"నొచ్చేది కొనకూడదు. నొస్తే నడి దారిలో తీసి హ్యాండిలుకి తగిలిస్తావు. అట్లే కూర్చో కాసేపు. పెట్టిన వెంటనే ఏదైనా బాగుంటాది."

అతను స్టూలు మీద హెల్మెట్‌తో కూర్చున్నాడు. చెమటలు కారుతున్నాయి. "పురుగు గూట్లో కూర్చున్నట్టు ఉండాది," అన్నాడు లోపలి నుంచి. "గూడు మంచిదో కాదో మేం ఎట్ల సూస్తామో తెల్సా? చెవి దగ్గర పెట్టుకోని ఊపుతాం. లోపల గలగలమంటే మంచి గూడు."

"ఇది ఆ గూడు కాదు. ఇది గలగలమంటే లోపల ఉండేది పోయినట్టే." ఆమె హెల్మెట్‌ను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ ఊపింది. దాంతో పాటు అతని తలా ఊగింది. తరువాత వెనకనుంచి పట్టుకుని ముందుకు లాగింది. ఊడి రాలేదు. గడ్డం కింద పట్టీలో వేలు పెట్టి చూసింది. ఆ వేలు అవసరానికన్నా ఒక క్షణం ఎక్కువ ఉంది.

"నీ జుట్టు పుణ్యాన సరిపోయింది," అంది, వేలు తీసేస్తూ.

అతను తలుపు సందులోంచి లోపలికి చూశాడు. "ఆ మేకుకు ఉండేది?"

"అది అమ్మేది కాదు. మాయన్నది. నీ జుట్టుకి పట్టదు కూడా."

గంగులయ్య విన్నాడు.

లక్ష్మీపతి ఆ హెల్మెట్ పెట్టుకుని నేరుగా కాఫీ హోటల్ దగ్గరికే పోయాడు. బెంచీలు గొల్లుమన్నాయి. గంగులయ్య అంగడి మెట్టు మీదికి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు తీస్తాడు, అనుకున్నాడు. తీయకపోతే బాగుండునని కూడా అనుకున్నాడు, అది తనకే కోపం తెప్పించింది.

లక్ష్మీపతి తీయలేదు. హెల్మెట్‌తోనే బెంచీ మీద కూర్చుని, ముందరి అద్దం పైకెత్తి, కాఫీ తాగి, అద్దం దించి, వచ్చేశాడు.

గంగులయ్య లోపలికి పోయి మళ్ళీ స్పానర్ అందుకున్నాడు. ఆ రోజు రెండు నట్లు తప్పుగా బిగించాడు.

నెల తిరక్కుండా లక్ష్మీపతి తల్లి రత్నమ్మ మదనపల్లె వచ్చింది. సంగతి సూటిగా చెప్పింది. పిల్లోడు పిల్లను చూశాడు, తమకిష్టమే, భూమి ఉంది, ఉద్యోగం ఉంది.

"బండి కూడా ఉండాది," అన్నాడు గంగులయ్య.

"బండి లేకుంటే ఉద్యోగం యాడిదప్పా?"

"అయితే నాకు మాట లేదమ్మా. మదనపల్లె అంతా తెల్సు."

అమరావతి తలుపు పక్కన నిలబడి వింటోంది. మొహం పాలిపోయింది. అయినా ఇంటికి వచ్చిన ముత్తయిదువను వట్టి చేతులతో పంపకూడదు కనుక, వెళ్ళేటప్పుడు బొట్టు పెట్టి ఆకూ వక్కా పళ్ళెంలో పెట్టి ఇచ్చింది. రత్నమ్మ ఆ పళ్ళెం వంక చూసింది. గంగులయ్య వద్దనకపోవడం చూసింది. ఆకులు కళ్ళకద్దుకుని కొంగులో మూట కట్టుకుంది.

ఆమె దాన్ని పెళ్ళి ఖాయం చేసే తాంబూలం అనుకుందని ఎవరికీ తెలియదు.

పది రోజులు పోయాక ఒక మధ్యాహ్నం రాజ్‌దూత్ వచ్చి ఆగింది. ఆకాశం నల్లగా ఉంది. లక్ష్మీపతి హెల్మెట్ తీశాడు. లోపల జుట్టు లేదు. నున్నటి గుండు, దాని మీద చందనం.

"అయ్యో! ఎవురు పోయినారు?" అంది అమరావతి.

"ఎవురూ పోలేదు. మాయమ్మ మొక్కు. సంబంధం కుదిరితే నా తలనీలాలు కొండకి ఇస్తానని మొక్కుకున్నెంట."

"యాడ కుదిరింది?" అన్నాడు గంగులయ్య లోపలి నుంచి.

"ఈడే కదా మామా? తాంబూలం ఇచ్చి పంపినారంట?"

గంగులయ్య బయటికి వచ్చాడు. ముఖం చూస్తే లక్ష్మీపతికి సంగతి తెలిసిపోయింది. గుండు మీద చెయ్యి పెట్టుకున్నాడు. జుట్టు లేకపోయేసరికి ఆ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"నేను మాట ఇయ్యలేదు," అన్నాడు గంగులయ్య. "నన్ను మామా అనొద్దు."

"సరే పెద్దాయనా." అతని గొంతు తగ్గిపోయింది. "నేను పోతా. గుడ్లు రేపు పగిలి పురుగులు బయటికొచ్చేటట్టు ఉండాయి. కుప్పంలో రైతులు ఆకు కోసి పెట్టుకోని ఉంటారు."

హెల్మెట్ పెట్టుకుని బండి వైపు తిరిగాడు. అతను తిరిగాడు, హెల్మెట్ తిరగలేదు.

"ఆగు!" అమరావతి మెట్లు దిగి వచ్చింది. హెల్మెట్‌ను పట్టుకుని ఊపింది. అది అతని తలమీద పళ్ళెంలా గిర్రున తిరిగింది. "గలగలమంటాండాది. తీయి దాన్ని."

"పట్టీ బిగిస్తా."

ఆమె వెనకనుంచి లాగింది. పట్టీ బిగించినా ముందుకు దొర్లి కళ్ళ మీద పడింది. "ఏం కనిపిస్తాండాది?"

"నువ్వు కాళ్ళకి మెట్టెలు పెట్టుకోలేదనేది."

"జోకులొద్దు! చిన్న సైజు లేదు. ఉండేవన్నీ ఇదే సైజు. తువ్వాలు చుట్టినా దెబ్బకి జారిపోతాది. పోవద్దు. నా మాట ఇను."

"గుడ్లు దారిలోనే పగిలితే రైతుల నోట్లో మట్టి గొట్టినట్టు. వాన వచ్చేలోపల పలమనేరు దాటేస్తా. ఏంటికి బయం, నిదానంగా పోతా."

అమరావతి చేతులు జారిపోయాయి.

గంగులయ్య లోపలికి పోయాడు. అమరావతి అనుకుంది, తండ్రి తలుపేసుకుంటాడని. తలుపు చప్పుడు కాలేదు. మేకు చప్పుడు అయింది.

అతను వెంకటరమణ హెల్మెట్‌తో బయటికి వచ్చాడు. దుమ్ము లేదు. రోజూ తుడుస్తున్నది అమరావతి మాత్రం కాదు.

"వంగు," అన్నాడు.

లక్ష్మీపతి వంగాడు. గంగులయ్య పట్టీలు రెండు పక్కలా లాగి హెల్మెట్ దించాడు. ఊపాడు. తల ఊగింది. వెనకనుంచి లాగాడు. రాలేదు. పట్టీలో వేలు పెట్టి చూసి, ఇంకొక బెజ్జం బిగించాడు.

"నొస్తాండాదా?"

"లేదు... పెద్దాయనా."

"దారిలో తీస్తే ఈ గుమ్మం తొక్కొద్దు."

బండి పోయింది. వాన మొదలైంది.

సాయంకాలం కుప్పం నుంచి వచ్చిన బస్సు కండక్టరు దొరస్వామి బస్టాండులో అందరికీ చెబుతున్నాడు. వి.కోట దాటాక, బురదలో, లారీకి దారిస్తూ ఒక మోటార్ సైకిల్ గట్టుకు కొట్టుకుంది. జనం మూగి ఉన్నారు.

"ఏం బండి?" అన్నాడు గంగులయ్య.

"రాజ్‌దూత్ అన్నా."

"మనిషి?"

"మనిషి కనపల్యా. జనం అడ్డం ఉండారు."

అమరావతి అంగడి మెట్టు మీద కూర్చుంది. లేవలేదు. గంగులయ్య ఆమె పక్కన కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడం ఆమె ఎప్పుడూ చూడలేదు. ఎదుట కాఫీ హోటల్లో ఎవరో దేనికో నవ్వారు. గంగులయ్య అటు చూశాడు. ఆ నవ్వు ఆగిపోయింది.

తెల్లవారి మొదటి బస్సులో లక్ష్మీపతి దిగాడు. ఎడమ చెయ్యి గుడ్డతో మెడకు కట్టి ఉంది. కుడి చేతిలో హెల్మెట్. బట్టలన్నీ బురద. గుండు మీద ఒక్క గీత లేదు.

అమరావతి పరుగెత్తి పోయి, జనం ఉన్నారని గుర్తొచ్చి, అడుగు దూరంలో ఆగిపోయింది. "గుడ్లు?" అంది. ఇంకేం అడగాలో తెలియలేదు.

"చేర్చినా. బస్సులో పోయి ఇచ్చొచ్చినా." అతను నవ్వబోయి మానుకున్నాడు. "నీకు గుడ్ల మీద ఉండేంత ఇది నా మీద లేదు."

"గమ్మునుండు," అంది. కళ్ళ నిండా నీళ్ళు.

అతను గంగులయ్య ముందుకు వచ్చి హెల్మెట్ అందించాడు. కుడి పక్కన, చెవి పైన, నిలువుగా చీలిక. "పగిలిపోయింది. మీవాడిది. రాయికి కొట్టుకునింది. కొత్తది తెచ్చిస్తా."

గంగులయ్య చీలిక మీద బొటనవేలు నడిపించాడు. చాలాసేపు.

"దీని పనే అది," అన్నాడు. "దెబ్బ తిన్నది మల్ల నెత్తికి పనికిరాదు. బెంగుళూరు పోయి నీ గుండుకు సరిపోయేది ఒకటి, జుట్టు మొలిచినాక పెట్టుకునేది ఒకటి తెస్తా."

"రెండు ఏంటికి మామా?"

అన్నాక నాలుక కరుచుకున్నాడు.

గంగులయ్య వద్దనలేదు. "మీ అమ్మను రమ్మను. తాంబూలం ఈసారి నేనిస్తా. అప్పుడు అనుకోవచ్చు, ఇచ్చినట్టు."

అమరావతి లోపలికి పారిపోయింది. గిన్నెలేవో కింద పడ్డాయి.

గంగులయ్య పగిలిన హెల్మెట్‌ను లోపలి మేకుకు తగిలించలేదు. అంగడి ముందు, చూరుకు, చీలిక కాఫీ హోటల్ వైపు కనిపించేటట్టు వేలాడదీశాడు. పెళ్ళి అయ్యాక కూడా అది అక్కడే ఉంది. బెంచీల మీది వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి దాన్ని చూశారు. కొందరు లోపలికి వచ్చి సైజులు అడిగారు. గంగులయ్య అమ్మాడు. క్షమించలేదు.

ఒకసారి లక్ష్మీపతి ధైర్యం చేసి అడిగాడు. "మామా, ఆ పొద్దు బావ హెల్మెట్ తీసిచ్చినారే, మీకు ఏమనిపించింది?"

గంగులయ్య అతని హెల్మెట్ పట్టీ ఇంకొక బెజ్జం బిగించాడు.

"ఒకసారి తీసినా. ఇచ్చినా. అయిపోయింది," అన్నాడు. "ఇంక ఆ మాట నా దగ్గర ఎత్తొద్దు. నేనూ ఎత్తను."

ఎత్తలేదు.