ఆవిరి పైపుల గదిలో ఏడో మాట

చార్లెస్ నది ఒడ్డున మా విశ్వవిద్యాలయంలో, నేలమాళిగలో, ఆవిరి పైపుల పక్కన ఒక గది ఉంది. పాతికేళ్లుగా దానికి చెడ్డపేరు. జనవరిలో జట్లు పజిళ్లు విప్పుతూ పోటీపడే చిక్కుముళ్ల వేటలో ఆ గది వాటాకొచ్చిన జట్టు గెలిచిన పాపాన పోలేదు. అర్ధరాత్రి దాటాక గోడలోంచి ఎవరో తడతారట... లెక్కల్లో పెద్ద పెద్ద పట్టాలు పుచ్చుకున్నవాళ్లే ఒంటరిగా అటు వెళ్లరు.

ఆ రాత్రి సంగతి నాకు నోరీన్ తష్జియాన్ చెప్పింది. ముప్పై ఏళ్లుగా వేటాడుతోంది. ఒక్కసారీ నాణెం ముట్టుకోలేదు. దాన్ని పట్టుకోవడమే ఆవిడ జీవితాశయం. ఏం చేస్తాం, ఉంటారు అలాంటివాళ్లు.

నాణెం అంటే నాణెమే. దానికి కప్పు కాఫీ కూడా రాదు. ఒక్కో చిక్కుముడి విప్పితే ఒక్కో మాట వస్తుంది. అలా వచ్చిన ఎనిమిది మాటల్ని కలిపి కట్టిన ఆఖరి ముడి విప్పితే, నాణెం దాచిన చోటు తెలుస్తుంది. దాన్ని ముందు పట్టుకున్న జట్టుదే గెలుపు. అందుకోసం అరవై జట్లు మూడు రాత్రులు నిద్ర మానుకుంటాయి.

ఆ ఏడాది ఆఖరి ముడి కట్టినవాడు ఆమోస్ పెల్టియర్. కట్టిన ముడిని ముందుగా బయటివాళ్ల చేత విప్పించి చూడడం మా ఆచారం. ఆమోస్ ఒప్పుకోలేదు. తనను పరీక్షించే బుర్ర ఈ ఊళ్లో ఎవరికుందని అడిగాడట.

శనివారం రాత్రి రెండు దాటింది. బయట మంచు. నోరీన్ జట్టుకి ఆ గదే వచ్చింది. ఎనిమిది మాటలూ బోర్డు మీదున్నాయి, అందరికంటే ముందు వాళ్లకే దొరికాయి. ముడి మాత్రం విడలేదు. ఎలా కలిపినా చెత్తే. మిగతావాళ్లు బల్లల కింద నిద్రపోతున్నారు. మేలుకున్నది ఇద్దరే: నోరీన్, లెక్కల మాస్టారు రూబెన్.

గోడలో టక్... టక్...

తర్వాత, గోడ కన్నానికి బిగించిన ఇనప జాలీ వెనకనుంచి—

"ఏడో మాట... తప్పు..."

రూబెన్ చేతిలో కాఫీ ఒలికింది.

మళ్లీ అదే గొంతు. అదే మాట. మూడోసారి కూడా... ఈసారి చివర ఒక దగ్గు.

మీరూ నేనూ అయితే పారిపోతాం. కాస్త గుండె ధైర్యం ఉంటే ఏడో మాట ఇంకోసారి చూసుకుంటాం. వీళ్లు మేధావులు కదా. పెన్సిల్ తీశారు.

"ఎన్నిసార్లు అంది?" నోరీన్ గుసగుసగా అడిగింది.

"మూడు. చివర ఒక దగ్గు."

"దగ్గు కూడా రాయి."

దెయ్యం పనిగట్టుకుని వచ్చి తప్పెక్కడుందో చెబుతుంటే, వీళ్లు దాని ఊపిరికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కేశారు. ఏడు, మూడు, ఒకటి అని గీతలు గీశారు. గంటన్నర గడిచింది.

"దగ్గు... లెక్కలోకి రాదు..." అంది గోడ, కొంచెం విసుగ్గా.

"రెండో వాక్యం," అంది నోరీన్. సంతోషంగా ఇంకో గీత గీసిందట.

తెల్లవారుజామున జాలీ ఊడి దభీమని పడింది. చీకటి కన్నంలోంచి ముందు రెండు చేతులు... తర్వాత తెల్లటి ముఖం... రూబెన్ బల్ల వెనక నక్కాడు. అది నేలమీద పాకుతూ బయటికొచ్చి, లేచి నిలబడి, ఒళ్లంతా సున్నం దులుపుకుని, తుమ్మింది.

ఆమోస్ పెల్టియర్.

వేటకు రెండు రోజుల ముందు ఏడో చిక్కుముడిని మార్చాడట. దాని మాట మారింది. ఆఖరి ముడిని మార్చడం మరిచాడు, అది పాత మాటతోనే విడుతుంది. సవరణ పంపితే కింద తన పేరుంటుంది, అరవై జట్లూ చదువుతాయి. పరువు పోతుందని, ముందున్న జట్టుకి దెయ్యంలా చెవిలో వేసి గట్టెక్కుదామనుకున్నాడు. సిగ్గు లేకపోతే సరి.

"నేనే తప్పు చేశాను," అన్నాడు. "అంతే. ఇందులో ఇంకేం లేదు."

నోరీన్ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. ఆమోస్ పెల్టియర్ తన నోటితో తప్పు చేశానని అనడమా? లోకంలో ఎవరైనా నమ్ముతారా? ఇదీ ముడిలో ఒక ఆధారమే అయ్యుండాలి.

"రూబెన్," అంది మెల్లగా, "చొక్కాకి గుండీలెన్నో చూడు."

ఐదు. జట్టంతా లేచి, నది ఒడ్డున ఐదో దీపస్తంభం దగ్గర మంచు తవ్వడానికి పరిగెత్తింది. ఆమోస్ కాసేపు ఆ ఖాళీ గదిలో నిలబడి, వేరే దారిలేక అందరికీ సవరణ పంపాడు, కింద తన పేరుతో. అది చదవడానికి గదిలో ఎవరూ లేరు. అరగంటలో ఇంకో జట్టు నాణెం పట్టుకుపోయింది.

ఇదంతా విన్నాక, ఆయన ఎందుకు దగ్గాడో ఇప్పటికైనా తెలిసిందా అని నోరీన్‌ని అడిగాను. ఆవిడ అటూ ఇటూ చూసి, సంచిలోంచి నలిగిన కాగితం తీసింది. దాన్నిండా ఆ రాత్రి గీసిన గీతలే.

"జలుబట," అంది గొంతు తగ్గించి. "ఆయన అలాగే చెబుతాడు."