చేప కింద పరిచిన ముగ్గురాళ్ళు

శిల్ప పొద్దున్నే హాల్లోకి రాగానే కాలికి నీళ్ళు తగిలాయి. అక్వేరియం అడుగు మూల నుంచి సన్నగా కారుతున్నాయి. లోపల ముల్లుతోక చేప స్టింగ్‌రే కిందికి దిగకుండా అద్దాన్ని పట్టుకునే ఈదుతోంది. చాటంత వెడల్పున్న ఆ చేప తెల్లని పొట్ట మీద ఎర్రటి గీతలు. అడుగున ఇసుక కనపడలేదు. దాని మీద నాలుగు వేళ్ళ మందాన బూడిదరంగు రాతిముక్కలు తళతళమంటున్నాయి.

రెండు రోజులు మైదుకూరులో పుట్టింట ఉండి రాత్రే కడపకు వచ్చింది శిల్ప. ఆ రాళ్ళు పోసిందెవరో అడగనక్కర్లేదు. మామ ఓబులేసు మంగంపేట ముగ్గురాయి గనుల్లో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. కొడుకు, శిల్ప భర్త మహానంది ఈ చేపను తెచ్చినప్పటినుంచీ, ముల్లుతోక పురుగుకు ఇంత సంబరమా అని సణుగుతూనే ఉండేవాడు. మహానంది గుండెపోటుతో పోయి ఎనిమిది నెలలు. అతను పెంచినవాటిలో ప్రాణంతో మిగిలింది ఇదొక్కటే.

తొట్లు బాగుచేసే దావీదురాజు వచ్చి చేపను జాగ్రత్తగా పెద్ద టబ్బులోకి మార్చాడు. తొట్టి ఖాళీచేసి, అతుకు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"ఏం పెద్దాయనా, ఇది ఇసుకలో పొట్ట ఆనించి బతికే చేప. ఈ రాళ్ళ మీద మీరు పండుకుంటారా? పైగా ఈ బరువుకు అతుకు ఇడిసింది."

పాత సిలికాన్ గీకి కొత్తది పట్టించాడు. వారం రోజులు ఆరాలని, చేప అన్నాళ్ళు టబ్బులో బతుకుతుందో లేదో చెప్పలేనని అనేసి వెళ్ళిపోయాడు.

శిల్ప గొంతు పెంచలేదు.

"ఆయనున్నప్పుడు మీరు దీన్ని ఓర్చుకోలేదు. ఇప్పుడు చంపాలనుకున్నారా మామా?"

ఓబులేసు తీసి పక్కన పోసిన రాళ్ళలో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"వాడు మూడో తరగతిలో రోజూ అడిగేటోడమ్మా, గనిలోంచి మెరిసే రాయి తేప్పా అని. నాకు ఒళ్ళు హూనమై ఉండేది. రాళ్ళతో నీకేం పనిరా అని కసిరేటోన్ని. ఒక్కటీ తేలా. మొన్న ఒక్కన్నే ఈడ కూసోని తొట్టి పక్క చూస్తాంటే ఉండలేకపోయినా. బస్సెక్కి పోయి తెచ్చినా."

ఆ రాయిని అరచేతిలో తూచి చూసుకున్నాడు. "బరువని తెలుసు. ముప్పై ఏండ్లు మోసినా కదా. అద్దం మోయలేదని తట్టలా."

శిల్ప వంటింట్లోకి వెళ్ళి, ఆయనకు కాఫీ కలుపుతూ ఏడ్చింది.

ఆ వారమంతా చేప సరిగా తినలేదు. ఓబులేసు సన్నని ఇసుక తెప్పించి, జల్లెడ పట్టి, తేట నీళ్ళు వచ్చేదాకా కడిగాడు. ఒక్కో పిడికిలి తీసుకుని ముంజేతి లోపలివైపు రుద్దుకున్నాడు. గరుకు తగిలితే మళ్ళీ జల్లించాడు. శిల్ప చాలనేదాకా ఆపలేదు.

ఎనిమిదో రోజు చేపను తొట్టిలో వదిలారు. అది నెమ్మదిగా అడుగుకు దిగి, రెక్కలతో ఇసుకను ఒంటి మీదికి లాక్కుంది. రెండు కళ్ళు మాత్రం బయటికి కనపడ్డాయి.

శిల్ప ఒలిచిన రొయ్య ఒకటి మామ వేళ్ళ మధ్య పెట్టి, చెయ్యి నీళ్ళలో ఎట్లా ఉంచాలో చూపించింది. చేప ఇసుక దులుపుకుని వచ్చి, ఆయన అరచేతి మీదుగా పాకి, రొయ్యను అందుకుంది.

"వాడూ ఇట్లే పెట్టేటోడా?"

"ఇట్లే మామా. రోజూ."

"ఒక్క దినమన్నా పక్కన నిలబడి చూడలేదమ్మా నేను."

చేప వెళ్ళిపోయినా ఓబులేసు చెయ్యి బయటికి తీయలేదు. శిల్ప ఇంకో రొయ్య ఒలవడం మొదలుపెట్టింది.