మూసలో వేసిన ఉంగరం

కొలిమి గదిలో మధ్యాహ్నపు వెలుతురు మసకగా ఉంది. కొండ మీది సైనిక విద్యాలయంలో చదివి కన్నుమూసినవాళ్ళ ఉంగరాలను, వాళ్ళవాళ్ళు తెచ్చి ఒక్కొక్కటిగా కొలిమి మీద కరిగించే మూసలో వేస్తున్నారు. ఆ బంగారం కొత్త బంగారంతో కలిసి, ఈ ఏడు చదువు ముగించే పిల్లల వేళ్ళకు ఉంగరాలవుతుంది.

ఆ పిల్లల్లో లియోనా కొడుకు వేడ్ ఒకడు. తాత బంగారం వాడి వేలికి చేరాలని ఆమె చనిపోయిన తన తండ్రి ఉంగరం తెచ్చింది.

తండ్రితో కలిసి చదివిన ముసలాయన ఓరిన్ ఆమె అరచేతిలోకి తొంగిచూశాడు. మొహం పాలిపోయింది.

"ఇదెక్కడిదే నీకు?" అన్నాడు గుసగుసగా. "శవపేటిక మూసేముందు మీ నాన్న చెయ్యి పట్టుకున్నది నేనే. ఉంగరం వేలికే ఉంది. నాతోనే పూడ్చండని వాడే కదా చెప్పాడు!"

"మెల్లగా, బాబాయ్."

"నువ్వు గానీ లాగేశావా?"

"ఛీ! పోయిన నెల వంటింట్లో, గిన్నెలు తోమే తొట్టి పక్కన కనిపించింది. ఆ శవపేటికలవాడే కొట్టేసి, భయపడి పడేసిపోయుంటాడు."

"తాళం వేసిన ఇంట్లోకొచ్చా?"

ఆ ప్రశ్న ఆమెను నెలంతా తినేస్తూనే ఉంది. ఇంటి రెండో తాళంచెవి ఓరిన్ దగ్గరే ఉంటుంది. ఈయనే నాటకమాడుతున్నాడేమో...

"వద్దే. మీ నాన్న సంగతి నీకు తెలీదా? తన చెంచా కూడా ఎవణ్ణీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి కలిసిందంటే మళ్ళీ విడదీయలేం."

"మనవడికే కదా ఇస్తున్నది."

"వాడొక్కడికేనా? తరగతి మొత్తానికి!"

"కల్నల్ ఈనస్ టార్ల్‌టన్," అని ఆమె తండ్రి పేరు పిలిచారు. ఉంగరం వేసేవాళ్ళు 'ఆయన ఇస్తున్నారు' అనడం ఆనవాయితీ.

లియోనా ఆ మాట అంది. వేసింది.

మూస బుసకొట్టింది. వేడి లోహం వాసన రాలేదు... తడిమట్టి వాసన. అప్పుడే తవ్విన మట్టి. గదిలో అందరూ ముక్కులు మూసుకున్నారు.

ఆకులు రాలే కాలంలో ఉంగరాలు పంచారు. మర్నాడు వేడ్ ఫోన్ చేశాడు.

"సరిపోయిందా, నాన్నా?"

"సరిపోయిందమ్మా. కానీ ఊడి రావట్లేదు. నూనె రాసినా... మావాళ్ళెవ్వరిదీ రావట్లేదు."

వాడి గొంతు వెనక ఏదో చప్పుడు. టక్... టక్... టక్. చెక్క మీద.

"ఎవర్రా ఆ తలుపు కొడుతున్నది?"



"తలుపు కాదమ్మా. భోజనాల బల్ల. మేమే కొడుతున్నాం... అందరం... ఉంగరం ఉన్న చేత్తోనే... ఆపడం మా చేత కావట్లేదు."