ఏడో స్క్రూ

"దీన్ని ఫ్రీజర్‌లో పెట్టింది ఎవరు?"

లైబ్రరీలో అంత గట్టిగా ఎవరూ మాట్లాడరు. కిటికీ దగ్గర పేపరు చదువుతున్న ముసలాయన తలెత్తి చూశాడు. సైమి చెవులు ఎర్రబడ్డాయి.

కంప్యూటర్ సాయం బల్ల వెనక నిలబడ్డ కుర్రాడు ప్లాస్టిక్ సంచిని వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. లోపల అరచేతిలో పట్టేంత హార్డ్ డిస్క్. దానికి అతుక్కుని రెండు గడ్డకట్టిన బ్లూబెర్రీలు.

"మా నాన్న," అంది సైమి, తన బూట్లకి చెబుతున్నట్టు. "చల్లబరిస్తే పనిచేస్తుందని వీడియోలో చూశాడు."

"చేసిందా?"

"లేదు. టిక్ టిక్‌మంటోంది."

"ఎన్నిసార్లు ఆన్ చేసి చూశారు?"

"నాలుగు."

"నాలుగా! నయం, జామ్ చెయ్యలేదు."

సైమి సంచిని లాక్కుంది. "మీరిక్కడ ఉన్నది సాయం చెయ్యడానికా, వెక్కిరించడానికా?"

కొత్తవాళ్ళతో ఆమె అంత పొడవు మాట మాట్లాడటం ఆ సంవత్సరంలో అదే మొదటిసారి. కుర్రాడి ముఖంలో నవ్వు ఆగిపోయింది. అతని చొక్కా మీది బిళ్ళపై 'తార్మో' అని ఉంది. కుర్చీ లాగి ఆమె వైపు జరిపాడు.

"తప్పు నాదే. కూర్చోండి. ఇందులో ఏముంది?"

"మా నానమ్మ గొంతు."

చెప్పడానికి ఆమెకి చాలాసేపు పట్టింది. మూడు చలికాలాలు, ప్రతి ఆదివారం, వంటింటి బల్ల దగ్గర నానమ్మ కథలూ పొడుపుకథలూ చెబుతుంటే సైమి రికార్డు చేసింది. మొత్తం నలభై ఆరు. ఈ మార్చిలో నానమ్మకి పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది కానీ మాట రాలేదు. కంఠతా వచ్చిన కథల్ని ఆమె గొంతుతోనే ఆమెకి వినిపించి చూడమని, ఒక్కోసారి మాట వెంట మాట వస్తుందని యోయెన్సూ ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే సైమి డిస్క్‌ని లాప్‌టాప్‌కి తగిలించింది. అది టిక్‌మంది.

"ఇంకో కాపీ?"

సైమి తల అడ్డంగా ఊపింది. లాప్‌టాప్ నిండిపోతే అందులోంచి చెరిపేసింది తనే.

తార్మో ఇంక వెక్కిరించలేదు. డిస్క్‌ని తువ్వాల్లో చుట్టాడు. "దీన్ని మళ్ళీ ఆన్ చెయ్యకండి. ఒక్కసారి కూడా. హెల్సింకీలో ఇలాంటివి తెరిచే ల్యాబ్ ఉంది. దుమ్ము లేని గది, ముసుగులు, గ్లోవ్స్, అన్నీ. ఖరీదు ఎక్కువే. వస్తుందన్న హామీ కూడా ఉండదు. కానీ ఇంట్లో ఒక్కసారి మూత తీస్తే మాత్రం వాళ్ళు కూడా చెయ్యగలిగేది ఏమీ ఉండదు."

"నాన్న శనివారం తెరుస్తానంటున్నాడు. అదే మోడల్ పాతది ఒకటి తెప్పించాడు. దాని భాగాలు ఇందులో పెడతాడట."

"ఎక్కడ తెరుస్తాడు?"

సైమి మెల్లగా అంది, "సౌనాలో."

ఆవిరిస్నానం చేసే ఆ చెక్కగది పేరు వినగానే తార్మో రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

* * *

సైమి తండ్రి కౌకో ఇల్లు తనే కట్టుకున్నాడు. పడవా తనే చేసుకున్నాడు. పన్ను నొప్పి వచ్చినా ముందు పనిముట్ల పెట్టెలో వెతికేవాడే. ఆయన చెప్పేది సూటిగా ఉంటుంది.

"మా అమ్మ పుట్టింది ఆ సౌనాలోనే. ఊళ్ళో ఆడవాళ్ళంతా అక్కడే కన్నారు. ఎందుకు? ఇంట్లో అంతకంటే శుభ్రమైన చోటు లేదు కాబట్టి. బల్లలు తోముతాను, కాస్త ఆవిరి పడితే దుమ్మంతా కిందకి దిగుతుంది. నీ లైబ్రరీ కుర్రాడికి ఇది తెలుసా?"

"ఆవిరంటే నీళ్ళే కదా నాన్నా..."

"గది ఆరాకే తెరుస్తాన్లే. ఊరూపేరూ తెలీని వాళ్ళకి మా అమ్మ గొంతు పోస్టులో పంపమంటావా?"

సైమి ఎప్పుడూ నాన్నకి ఎదురు చెప్పదు. మూలనున్న ఊగే కుర్చీలో నానమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

శుక్రవారం సైమి మళ్ళీ లైబ్రరీకి వెళ్ళింది, ఇవ్వాల్సిన పుస్తకమేదీ లేకపోయినా. తలుపులు మూసే వేళ. బయట వాన. ఇద్దరూ చూరు కింద నిలబడ్డారు. తార్మో సైకిల్ సీటుకి తన టోపీ తొడిగాడు, తన తల మాత్రం తడిసిపోయి ఉంది.

"టోపీ నువ్వు పెట్టుకోవాలి," అంది సైమి.

"సీటు తడిస్తే దారంతా బాధ. తలకి ఇంటికెళ్తే తువ్వాలుంది."

ఆమెకి నవ్వొచ్చింది. మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు.

"నువ్వు మొన్న అంత కోపంగా ఎందుకు అరిచావు?"

తార్మో సీటు మీది టోపీ సర్దాడు. "పదిహేడేళ్ళప్పుడు నేనూ ఒకటి తెరిచాను. మా అమ్మ పోయిన ఏడాది. పదకొండేళ్ళ ఫోటోలు. నాకు అన్నీ తెలుసనుకున్నాను. పైన ఆరు స్క్రూలు కనిపిస్తాయి. ఆరూ తీసినా మూత రాదు. ఏడోది లేబుల్ కింద దాక్కుని ఉంటుంది. వేలితో నొక్కితే చిన్న గుంట తగులుతుంది. గంటసేపు వెతికి పట్టుకున్నాను. అది దొరక్కపోయి ఉంటే బాగుండేది."

"ఒక్క ఫోటో కూడా..."

"ఒక్కటి కూడా."

వాన చూరు మీంచి దారాల్లా జారుతోంది. సైమి చెయ్యి అతని తడి చొక్కా చేతిని తాకింది. తాకిన సంగతి తెలిసి వెంటనే జేబులోకి దూరింది.

* * *

శనివారం సౌనా బల్లలు తెల్లగా మెరిశాయి. కౌకో పొద్దున్నే ఒకసారి ఆవిరి పట్టి, మధ్యాహ్నం దాకా ఆరబెట్టాడు. గోడలింకా వెచ్చగా ఉన్నాయి. పరిచిన తెల్ల దుప్పటి మీద రెండు డిస్క్‌లు, సన్నటి స్క్రూడ్రైవరు, టార్చి. సైమి చేతులు మోచేతుల దాకా కడుక్కుని డిస్క్‌ని కదలకుండా పట్టుకుంది.

ఒకటి. రెండు. స్క్రూలు సాసరులో టింగ్‌మని పడుతున్నాయి. ఐదు. ఆరు.

కౌకో మూత అంచుని గోటితో లేపి చూశాడు. రాలేదు.

"ఏంటిది? అతికించి చచ్చారా?" గొణిగాడు. సౌనాలో గొంతు పెంచకూడదు. గుడిలో ఎలా ఉంటారో ఇక్కడా అలాగే ఉండాలన్నది నానమ్మ నియమం. కౌకో పుట్టినప్పటి నుంచి దాన్ని దాటలేదు.

సైమి చూపుడువేలు లేబుల్ మీద ఉంది. దాని కింద చిన్న గుంట. స్పష్టంగా తగులుతోంది. తన గుండె ఆ వేలిలోనే కొట్టుకుంటున్నట్టుంది.

చెబితే మూత వస్తుంది. చెప్పకపోతే నాన్న కత్తి పెట్టి లేపుతాడు.

"ఆ పలచటి కత్తి ఇలా ఇవ్వు."

ఆమె కదల్లేదు.

తలుపు చప్పుడైంది. తార్మో. వెంట్రుకల నుంచి నీళ్ళు కారుతున్నాయి. తొమ్మిది కిలోమీటర్లు వానలో తొక్కుకుంటూ వచ్చాడు. సాసరులో ఆరు స్క్రూలు చూసి, మూత మూసే ఉండటం చూసి, గుమ్మానికి ఆనుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

"ఎవర్రా నువ్వు?" కౌకో గుసగుసగా గద్దించాడు.

"తార్మోనండి. లైబ్రరీ," అతనూ గుసగుసగానే.

"ఇదేమన్నా లైబ్రరీయా?"

"కాదండి. కానీ అక్కడికంటే ఇక్కడే నిశ్శబ్దంగా ఉంది."

"వేళాకోళమా? నీళ్ళు కారుస్తూ లోపలికి రాకు! గది ఆరబెట్టాను!"

"అందుకే గుమ్మంలో ఉన్నానండి."

కౌకో మెడ నరాలు ఉబ్బాయి. అరవాల్సిన కోపమంతా గుసగుసలో ఇరుక్కుని బుసలు కొడుతోంది. "నీకు తెలుసు కదూ మూత ఎందుకు రావట్లేదో? చెప్పు."

"తెలుసు. చెప్పను. అవి సైమి మూడు చలికాలాలు. తెరవాలో వద్దో తను చెప్పాలి."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. సైమి లేబుల్‌ని వేలితో ఇంకా గట్టిగా నొక్కింది.

"ఇంకో స్క్రూ ఉంది నాన్నా," అంది. "నా వేలి కింద. నేను వేలు తియ్యను."

కౌకో కత్తి కోసం చెయ్యి చాపితే సైమి డిస్క్‌ని తన వైపు జరుపుకుంది.

"నువ్వు కట్టిన ఇల్లు ఒరిగితే మళ్ళీ నిలబెడతావు. పడవ కారితే తారు పూస్తావు. ఇది రెండోసారి చెయ్యలేం. అందుకే వద్దు."

కౌకో బల్ల మీద కూలబడ్డాడు.

"ముక్కూమొహం తెలీని వాళ్ళు మా అమ్మ మాటలు వింటారు," అన్నాడు, ఈసారి నిజంగానే మెల్లగా. "నేనే ఇంకా వినలేదు. ఆదివారాలు మీరిద్దరూ కూర్చుంటే నాకు కట్టెల పని ఉండేది."

సైమికి ఆ సంగతి ఎప్పుడూ తట్టలేదు.

"ముందు మీరే వినేలా అడుగుదామండి," అన్నాడు తార్మో. "వాళ్ళు ఫైళ్ళ పేర్లు మాత్రమే చూస్తే చాలని రాస్తాను."

కౌకో స్క్రూడ్రైవరు తీసుకున్నాడు. ఆరు స్క్రూలనీ ఒక్కొక్కటిగా మళ్ళీ బిగించాడు.

* * *

ల్యాబ్ నుంచి కబురు రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ ఇరవై రెండు రోజులూ లైబ్రరీ మూసే వేళకి సైమికి ఊళ్ళో ఏదో ఒక పని పడింది. ఫోను మోగిన ప్రతిసారీ ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడేవాళ్ళు.

నలభై ఆరులో ముప్ఫై తొమ్మిది వచ్చాయి. డిస్క్ లోపల తిరిగే పళ్ళెం అంచున తడి మరక ఉందట. మిగతా ఏడూ అక్కడ పోయాయి. కౌకో ఉత్తరం చదివి, మడిచి, వంటింటి ఫ్రీజర్ వైపు ఒకసారి చూసి, కట్టెలు కొట్టడానికి వెళ్ళిపోయాడు. పిలిచే దాకా రాలేదు.

వంటింటి బల్ల చుట్టూ నలుగురు కూర్చున్నారు. తార్మో కూడా. సైమి ఒక ఫైలు నొక్కింది.

"మైక్ అంత దగ్గరగా పెట్టకే, నాకు పళ్ళు లేవని తెలిసిపోతుంది," అంది నానమ్మ గొంతు.

ఊగే కుర్చీ ఆగిపోయింది. కౌకో కిటికీ వైపు తిరిగాడు.

"సరే, విను. కాళ్ళు లేకపోయినా పైకప్పు ఎక్కుతుంది. చేతులు లేకపోయినా అందర్నీ కౌగిలించుకుంటుంది. ఏంటది?"

రికార్డులో సైమి ఆలోచిస్తూ "మ్..." అంటోంది. తార్మో ముఖం చూస్తే అతనికీ తెలియదని తెలుస్తోంది.

నానమ్మ పెదవులు కదిలాయి. ఒకసారి గాలి మాత్రమే వచ్చింది. రెండోసారి గొంతు అడుగున ఏదో గరగరలాడింది.

"ఆ... విరి."

చిన్న మాట. బొంగురు మాట. కౌకో కిటికీ దగ్గర్నుంచి కదలకుండానే మొహం తుడుచుకున్నాడు.

రికార్డులోని నానమ్మ నవ్వింది. "తెలీలేదా? అయితే నవ్వులపల్లెకి పో!" పొడుపుకథ విప్పలేనివాళ్ళని పంపే ఊరది. అక్కడ అందరూ వాళ్ళని చూసి నవ్వుతారట.

కుర్చీలోని నానమ్మ వణికే వేలు ఎత్తింది. తార్మోని చూపించింది. తర్వాత తలుపుని చూపించింది. కళ్ళలో పాత కొంటెతనం.

తార్మో బుద్ధిగా లేచి నిలబడ్డాడు. "వెళ్తున్నానండి. దారి ఎటు?"

సైమి కూడా లేచింది. చెవులు ఎర్రబడ్డాయి, అయినా ఈసారి ఆమె బూట్ల వైపు చూడలేదు.

"అతనొక్కడే ఎందుకు నానమ్మా? నేనూ విప్పలేదుగా. మేమిద్దరం వెళ్తాం."

తార్మో ఆమె వైపు తిరిగాడు. జేబులోంచి తన టోపీ తీసి ఆమెకి అందించాడు.

కౌకో గొంతు సవరించుకున్నాడు. "శనివారం ఆరింటికల్లా తిరిగి రండి. సౌనా వేడి చేస్తాను." తార్మోని పైనుంచి కింద దాకా చూశాడు. "తువ్వాలు తెచ్చుకో అబ్బాయ్. ఈసారి పొడిగా రా."