గొట్టానికి కాపలా

"చెయ్యి తియ్యి," అంది నర్సు సరోజన.

రాజమల్లు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. వేళ్ల నిండా మల్లన్న గుడి బండారి, పచ్చటి పసుపు. మంచం మీద నాలుగేళ్ల మేనల్లుడు మొగిలి. వాడికి పేగు ఆపరేషనైంది, నోటికి ఏమీ పెట్టకూడదు. చేతుల్లో, కాళ్లలో నరం దొరక్క, పెద్ద డాక్టరు మెడలోని పెద్ద నరంలోకి సన్నటి గొట్టం వేశాడు. మందులూ సెలైనూ అన్నీ అందులోంచే.

"దేవుని బండారి సిస్టర్. దానితోనేమైతది?"

"బండారి దేవునిదే. నీ వేళ్లు రఘునాథపల్లి నుంచి బస్సు కమ్మీ పట్టుకొని వచ్చినయి. ఆ గొట్టం కాడ క్రిమి పోతే సక్కగ నెత్తుట్ల కలుస్తది. పసిపోరడు తట్టుకోడు."

ఆ రోజు నుంచి రాజమల్లు గొట్టానికి కాపలాదారు అయ్యాడు. అక్క బాలింత కావడంతో దవాఖానలో ఉండేది అతనూ, అతని తల్లి సమ్మమ్మా మాత్రమే. చూడవచ్చిన ప్రతివాళ్లనూ చేతులు కడగమని నల్లా దగ్గరికి పంపేవాడు. చివరికి సరోజననూ వదలలేదు. మీరు కడిగిండ్లా అని అడిగాడు. ఆమె తడి చేతులు చూపించింది. అతను పరీక్షగా చూశాడు, కాస్త ఎక్కువసేపే.

"చూసింది సాలు," అంది సరోజన. గొట్టం మీది పట్టీ మారుస్తున్నంతసేపూ తల ఎత్తలేదు గానీ, పెదవుల చివర నవ్వు మాత్రం ఆగలేదు.

వారం తిరక్కుండానే మొగిలికి చలిజ్వరం ముంచుకొచ్చింది. పైకి మెడ మీది పట్టీ శుభ్రంగానే ఉంది. పొట్టలో పేగు కుట్లు ఊడి ఉంటాయని డాక్టరు అనుమానం. సాయంత్రం మళ్లీ పొట్ట కోసి చూడాలన్నాడు. సమ్మమ్మ వరండాలో కూలబడింది.

రాజమల్లు సరోజన ఎదుట వచ్చి నిలబడ్డాడు.

"మొన్న మా అమ్మ పట్టీ లేపి బండారి పెట్టింది. నేను తువ్వాలతోని తుడిసి మళ్ల అంటించిన. మీ ముందట చెడ్డోన్నైతనని చెప్పలె."

సరోజన డాక్టరు గదికి పరుగెత్తింది. పట్టీ విప్పితే గొట్టం చుట్టూ ఎర్రగా వాచి ఉంది. గొట్టం తీసేశారు. వెతికి వెతికి పాదంలో ఒక నరం పట్టి మందు మొదలుపెట్టారు. మర్నాటికి జ్వరం దిగింది. పొట్ట కోసే పని తప్పింది.

ఆమె మాత్రం అతనితో మాట్లాడలేదు. సూదులు సర్దింది, చార్టు రాసింది, కిటికీలోంచి వాన చూసింది.

"జర తిట్టుండ్రి సిస్టర్," అని బతిమాలాడు రాజమల్లు. "మీరిట్ల ఊకుంటే భయమైతాంది."

ఆమె తిట్టలేదు. ఇంటికి పంపే రోజు మొగిలిని సమ్మమ్మ ఎత్తుకుని రిక్షా ఎక్కింది. రాజమల్లు వరండాలోనే తచ్చాడాడు.

"ఐతారం మా అమ్మ మీ ఘన్‌పూర్‌కు వస్తనంటాంది. మీ నాయనను అడగనీకి."

"ఏం అడగనీకి?"

అతను నేల చూశాడు, వాన చూశాడు, రిక్షా వైపు చూశాడు.

"కోపమొస్తదని తెలిసి కూడ ఆనాడు నిజం నాకే చెప్పినవ్," అంది సరోజన. "ఇది మాత్రం అమ్మతోని అడిగిస్తవా?"

రాజమల్లు గొంతు సవరించుకున్నాడు. "నన్ను చేసుకుంటవా, సరోజనా?"

ఆమె చాలాసేపు ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టింది.

"ఐతారం నాకు డ్యూటీ ఉంది," అంది. "సోమారం రమ్మను."