తీతువు పిట్ట ప్లాటు

"మా నాయిన ఒప్పుకుండు!"

గీత ఫోన్‌లో అరిచిన అరుపుకు, ట్రాక్టర్ కింద పడుకొని నట్టు బిగిస్తున్న నేను ఎగిరి లేవబోయి తల కొట్టుకున్నాను. పెళ్లయ్యాక ఇప్పుడు కూడా గీత ఆ బొప్పి కట్టిన చోటు వేలితో తడిమి నవ్వుతుంది. అది వేరే ముచ్చట.

"ట్రాక్టరోనికి పిల్లనియ్యనన్నడు కదా?"

"నీ చేన్ల ప్లాట్ల రాళ్ళు పాతినవని ఎవరో చెప్పిండ్రంట. గజం ఎంత పలుకుతదని నన్ను అడుగుతుండు."

ఆ రాళ్ళు పాతించింది ఈమే.

కొన్నాళ్ళ కింద తెలకపల్లిలో మా చేను దున్నుతుంటే ఒక అమ్మాయి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడింది. నెత్తిన టోపీ, మెడలో బైనాక్యులర్. నాగర్‌కర్నూల్‌లో ఎరువుల దుకాణం శ్రీశైలం గారి బిడ్డ గీత. సెలవు దొరికితే స్నేహితులతో ఊళ్ళు తిరిగి రైతుల చేలల్లో పిట్టల గుడ్లు కాపాడుతుందట. జీతం లేదు. ఎండ మాత్రం ఫుల్లు.

"దిగు. గుడ్లున్నయి."

"యాడున్నయి?"

"నీ టైరు ముంగట."

మట్టి రంగు గుడ్లు, మట్టిలోనే. గూడు లేదు, గడ్డిపోచ లేదు. తీతువు పిట్ట మా నెత్తుల మీద తిరుగుతూ నన్నే తిడుతోంది.

"ఇది కూస్తే అపశకునమంటరు."

"నీ ట్రాక్టర్ చప్పుడు విని అది గూడ గదే అనుకుంటది."

అక్కడే పడిపోయాను. గుడ్ల చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు నాలుగు పాతించి, ట్రాక్టర్ దూరంగా తిప్పమంది. తిప్పాను. ఆమె రోజూ గుడ్లు చూడటానికి వచ్చింది, నేను ఆమెను చూడటానికి. వాన పడ్డ రోజు తన గొడుగులో నాకు చోటిచ్చింది. సగమే. మిగతా సగం పిట్ట వైపు వంచింది.

మా దిక్కు సున్నం రాళ్ళు కనబడితే వాటి మధ్య ఏముందో ఎవరూ చూడరు. రేటే అడుగుతారు.

"మీ నాయినకు నిజం చెప్పనా?" అన్నాను ఫోన్‌లో.

"అబద్ధమైతే చెప్పకు. ఇప్పుడే కార్ల వస్తున్నం. ఆయన్నే చూడనీ."

శ్రీశైలం గారు తెల్ల ప్యాంటుతో చేలో దిగారు.

"రోడ్లేవి? పార్కేది?"

"ప్లాట్లు లేవు మామా. పిట్ట గుడ్లున్నయి."

"ఎవనికి మామ?"

రాళ్ళ మధ్యకు వంగి చూశారు. పిట్ట ఆయన బట్టతల మీదికి దూకింది. ఆ వయసులో గట్టుదాకా అంత వేగంగా పరుగెత్తొచ్చని ఆయనకే తెలియదనుకుంటా.

"రాళ్ళు పీకెయ్! ప్లాట్లు చేస్తనంటే పిల్లనిస్త. లేకుంటే లేదు."

గీత వైపు చూశాను. ఆమె నన్ను కాదు, గుడ్లను చూస్తోంది.

"రాళ్ళు తియ్య సార్. చేను అమ్మేది గూడ లేదు."

మామ నుంచి సార్‌కు నేనే దిగిపోయాను.

"నడువు బిడ్డా, పోదం."

"నువ్వు పో నాయినా. నేను పిట్టకు తోడుంట," అని గీత అక్కడే మట్టిలో కూర్చుంది.

అంతలో ఆయన ఫోన్ మోగింది. అయిజ నుంచి బావమరిది సాయన్న. ఆ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు.

"బావా, అల్లునికి ఎన్ని ప్లాట్లు? మా ఊరంత చెప్పిన!"

శ్రీశైలం గారు రాళ్ళను చూశారు, బిడ్డను చూశారు.

"ప్లాట్లా? నా అల్లుడు ఎంత రేటిచ్చినా అమ్మడంట సాయన్నా! నేలంటే గంత పావురం, గంత ప్రేమ. పిట్టను గూడ లేవగొట్టడు. గట్లాంటోడు మీ అయిజల దొరుకుతడా?"

గీత నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

ఫోన్ జేబులో పెట్టుకొని ఆయన నా మొహం చూడకుండానే అన్నారు. "రేపు పొద్దుగాల మీ అమ్మానాయినలను మా ఇంటికి తోలుకరా. ముహూర్తం పెట్టిద్దం."

"సరే మామా."

ఈసారి ఎవనికని అడగలేదు. కారెక్కబోతూ వెనక్కి తిరిగారు.

"రేపు సాయన్న గూడ చేను చూడనీకె వస్తడు. జర ఆ రాళ్ళకు ఇంకోసారి సున్నం కొట్టు."