పుట్టింటి ఇసుక

ఆ ఉదయం పోతురాజు చేపల వేటకు వెళ్ళలేదు. తలంటు పోసుకుని, పండగలకు తప్ప పెట్టెలోంచి తీయని పొందూరు పంచె కట్టుకుని, గుమ్మంలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. పెరట్లో నెత్తళ్ళ చేపలు ఎండబోస్తున్న ధనలక్ష్మి మొగుణ్ణి చూసి నవ్వింది.

"పెళ్ళికొడుకులా తయారయ్యేవు. పెళ్ళి నీకా, గోడకా?"

"గోడకేనే! కెరటాలకి అడ్డంగా రాళ్ళగోడ కట్టండని ఎన్ని ఆఫీసుల మెట్లెక్కేను, ఎందరికి దండాలెట్టేను! ఇయ్యాల మన యమునమ్మ ఒక్క మాట సెప్తే ఒడ్డున రాళ్ళు పడతాయి. ఇంజనీరుగోరే ఒస్తన్నారు."

కిటికీ దగ్గర కూర్చున్న కూతురు యమునకు ఆ మాట గుండెల్లో గుచ్చుకుంది. ఆమె విశాఖపట్నంలో ఎం.టెక్ రెండో ఏడు చదువుతోంది. ఒడ్డు ఎందుకు కోతకు గురవుతుందో, దాన్ని ఎలా నిలబెట్టాలో నేర్పే చదువు అది. కళింగపట్నం దాటాక ఉన్న తమ పేట ఒడ్డునే ప్రాజెక్టుకు ఎంచుకుంది. ఎండలో, వానలో ఇసుకలో నడిచి కొలతలు తీసింది. గోడ విషయంలో అధికారులు ఆమె మాస్టారి అభిప్రాయం అడిగితే, ఆయన యమునను పిలిచి, ఆమె తేల్చిందే ఊరివాళ్ళ ముందు చెప్పమన్నారు. తేలిందేమిటో ఇంటికొచ్చి రెండు రోజులైనా ఆమె ఇంకా చెప్పలేదు.

ఇక దాచి లాభం లేదనుకుంది.

"నాన్నా, గోడ ఒద్దని సెప్పాలి."

పోతురాజు ఆగిపోయాడు. "ఏటీ?"

"గోడ కడితే మనిల్లు నిలుస్తాది. అది నిజమే. కానీ ఈ ఒడ్డున కెరటాలు ఇసకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తాయి. మన దగ్గర కోసుకుపోయిన ఇసకే ఉత్తరానున్న మొగపేట ఒడ్డవుతాది. ఇక్కడ రాళ్ళు పోసేస్తే అక్కడికెళ్ళే ఇసక ఆగిపోతాది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి లక్ష్మణమ్మత్తోళ్ళ ఇల్లు కెరటాల్లో ఉంటాది."

ధనలక్ష్మి చేతిలో చేట కింద పెట్టి లోపలికి వచ్చింది. "లక్ష్మణమ్మత్తా! ఆళ్ళ గోవిందుని సేసుకోయే అంటే నీకు సదువు అడ్డమొచ్చింది. ఇప్పుడు ఆళ్ళింటి మీద పేమ పుట్టుకొచ్చిందేటే?"

"దానికీ దీనికీ ఏటమ్మా సంబంధం?"

"అదే నానూ అడుగుతన్నాను!"

లక్ష్మణమ్మ పోతురాజుకు స్వయానా అక్క. రెండేళ్ళ కిందట మేనరికం అడగడానికి వచ్చి, యమున కాదంటే, విస్తరి ముందు నుంచి లేచి వెళ్ళిపోయింది. అన్నం ముందు నుంచి లేచిందని పోతురాజుకూ పట్టుదల పెరిగింది. ఏటా ఆడపడుచుకు పంపే సారె ఆపేశాడు. మొగపేట కనుచూపు మేరలోనే ఉన్నా, ఆ తరవాత అటు మనిషి ఇటు రాలేదు, ఇటు మనిషి అటు పోలేదు.

"మీ నాయనమ్మ కట్టిన కొంప ఇది," అన్నాడు పోతురాజు. "నిన్ను సదివించింది దీన్ని ముంచడానికా?"

"మనం ఎనక్కి జరగాలి నాన్నా. సరుగుడు తోట ఎనక జాగా అడుగుదాం. ఇప్పట్నుంచీ అడిగితే..."

"జరగడమా? పడవటే అది, నలుగురు పట్టి జరపడానికి?"

ఆ కేకకు వీధిలో కోళ్ళు చెదిరాయి. అప్పుడే గుమ్మం బయట ఎవరో నిలబడ్డట్టు నీడ పడింది. లక్ష్మణమ్మ! చెప్పులు కూడా లేకుండా ఇసుకలో నడిచి వచ్చినట్టుంది, కాళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"అప్పా, లోపలికి రా," అన్నాడు పోతురాజు, అక్కను చూడగానే అలవాటుగా.

"రాను. తినడానికొచ్చేనేటి? ఒక్క మాట అడిగి పోతాను." యమున వైపు చెయ్యి చూపించింది. "నీ కూతురు గోడ కట్టించి మా పేట ముంచేస్తాదని మా ఒడ్డంతా కోడై కూస్తంది. ఏమే, నా కొడుకుని ఒద్దన్నావు, నోరు మూసుకున్నాను. ఇప్పుడు నా కొంపని కూడా ఒద్దంటావా?"

యమునకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. "అత్తా, నాను మీ పక్షమని ఇప్పుడే మా అమ్మ తిట్టింది. నువ్వేమో మా పక్షమని తిడతన్నావు. కెరటానికి ఈ వరసలేవీ తెలీవే! ఇక్కడ గోడ కడితే మీ ఒడ్డు పోతాది, అందుకే ఒద్దంటన్నాను. మీ ఒడ్డున ఇసక మీది కాదు. ఏటేటా ఇక్కణ్ణుంచే వస్తాది."

లక్ష్మణమ్మ కళ్ళు చిట్లించింది. "ఇక్కణ్ణుంచంటే?"

"మన ఒడ్డు నుంచే. మనింటి ముందు నుంచే."

లక్ష్మణమ్మ కాలి కింద ఇసుక కేసి చూసింది. తరవాత మెల్లగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తమ్ముడా, రెండేళ్ళయి నీ గుమ్మం నుంచి నాకు జాకెట్టుముక్క రాలేదు. మా ఆడోళ్ళు 'నీ పుట్టిల్లు సచ్చిందేటే' అనడిగితే తల దించుకున్నాను. నువ్వు ఆపేసినా గంగమ్మ మోసుకొస్తానే ఉన్నాదన్నమాట, నా సారె." కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు దానికీ రాళ్ళు అడ్డమేస్తావా? ఎయ్యి. నీ ఇల్లు నీకు పెద్దదే. నానేటీ అనను."

వచ్చినట్టే ఒడ్డు వెంట వెళ్ళిపోయింది. తిరిగి చూడలేదు.

ఆ తీరంలో ఆడపడుచు చచ్చిపోతేనే సారె ఆగుతుంది. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. కాసేపటికి పోతురాజు తువ్వాలు భుజాన వేసుకుని, "రాయే, మీటింగుకి ఎల్దాం," అన్నాడు కూతురితో. ధనలక్ష్మి మాత్రం, "నాను రాను. సేపల మీద కాకులు వాలకుండా కాయాలి," అంది ముఖం తిప్పుకుని.

వలలు బాగుచేసుకునే షెడ్డు జనంతో నిండిపోయింది. ఇంజనీరు గారు యమునను పిలిచారు. ఆమె లేచి నిలబడింది. ఎదురుగా చిన్నప్పటి నుంచీ ఎత్తుకున్నవాళ్ళు, మిఠాయి కొనిపెట్టినవాళ్ళు, గోడ ఎప్పుడంటూ ఆశగా చూస్తున్నారు. నోరు తెరవబోయేలోగా పోతురాజు ఆమె భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టాడు.

"మా అమ్మి నోటంట ఎందుకు బాబూ? పేట పెద్దని నాను, నానే సెప్తాను. గోడ ఒద్దు."

షెడ్డు ఒక్కసారిగా గగ్గోలెత్తింది.

"ఒద్దా! పిచ్చెక్కిందేటి మావా నీకు?"

"ఇక్కడ గోడ కడితే మొగపేట మునుగుతాది. అక్కడున్నోళ్ళు మన ఆడపడుచులే. పుట్టింటోళ్ళే ఆళ్ళ ఒడ్డు తవ్వేరన్న పేరు మనకొద్దు."

పడవల నాగబాబు ముందుకు తోసుకొచ్చాడు. "అప్ప మీద అంత పేముంటే నీ కొంప ఇచ్చుకో మావా! మా కొంపలెందుకు? కూతుర్ని సదివించుకున్నావు, పేటంతా మునుగుదాం రా!"

పోతురాజు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇంజనీరు గారు అడిగితే యమున మళ్ళీ లేచి, ఇసుక ఎటు నడుస్తుందో, ఇళ్ళు ఎందుకు వెనక్కి జరగాలో చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నారు. పైవాళ్ళకు రాస్తానన్నారు. జాగా ఇప్పిస్తానని మాత్రం అనలేదు. జనం లేచి వెళ్ళిపోయారు. వెళుతూ ఒక్కరూ పోతురాజును పలకరించలేదు.

తండ్రీ కూతుళ్ళు ఒడ్డు వెంట ఇంటికి నడిచారు. చాలా దూరం వచ్చాక పోతురాజు అడిగాడు.

"అమ్మీ, నీ లెక్క తప్పు కాదు కదా?"

"కాదు నాన్నా."

"తప్పయితే బాగుణ్ణు."

తమ పడవ దగ్గర ఆగి, దాని అంచు మీద చతికిలబడ్డాడు. "నువ్వెళ్ళి మీ అమ్మకి సెప్పు. నా వల్ల కాదు."

ఇంట్లో ధనలక్ష్మి పొయ్యి ముందు కూర్చుని ఉంది. కూతురి ముఖం చూడగానే ఆమెకు అర్థమైంది. తిడుతుందనుకుంది యమున. తిట్టలేదు. గోడలకేసి, పైకప్పుకేసి, దేవుడి గూటికేసి వరసగా చూసింది.

"ఎవరు ఒద్దన్నారు? నువ్వా, మీ నాన్నా?"

"నాన్నే."

"ఆడికి ఈ ఇల్లంటే పేణం." పొయ్యిలో పుల్ల ఎగదోసి అడిగింది. "ఎన్నాళ్ళుంటాదే?"

యమునకు ఆ సంగతి తెలుసు. మాస్టారి ముందు, తోటి పిల్లల ముందు తడుముకోకుండా ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు చెప్పబోయి అమ్మ ముఖం కేసి చూసింది. తాను ఇన్నాళ్ళూ ఒడ్డునే కొలిచింది. ఆ ఒడ్డు మీద అమ్మ ఉందని ఇప్పుడే తెలిసినట్టు, నిలబడ్డ చోటే ఏడవసాగింది.

ధనలక్ష్మి లేచి వచ్చి ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"సెప్పకు," అంది. ఆమె కళ్ళు కూడా నిండాయి. "తెలిస్తే రేపట్నుంచి గుమ్మం కడగబుద్ధి కాదు."